గోడౌన్‌లో కాలికి ఏదో తట్టుకొని పడితే: తరచుగా అడిగే ప్రశ్నలు

గోడౌన్‌లో ఎవరైనా పడ్డారని తెలియగానే మొదట వినపడే మాట ఒకటుంది: "చూసుకొని నడవక్కర్లేదా?" నేను పికింగ్‌లో (ఆర్డరు ప్రకారం ర్యాకుల నుంచి సరుకు ఏరి తెచ్చే పని) ఉన్నప్పుడు ఆ మాట పడ్డాను, షిఫ్ట్ ఇన్‌చార్జి అయ్యాక నేనే అన్నాను. ఇప్పుడు సేఫ్టీ పని చూస్తున్నాను కాబట్టి, ఆ మాట అన్నాక జనం నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

జారి పడటం, తట్టుకొని పడటం రెండూ పడటమే కదా. ఎందుకు విడదీస్తారు?

పడే తీరు వేరు, దెబ్బ వేరు, మందూ వేరు. తడి నేల మీద జారితే పాదం మనకంటే ముందు వెళ్లిపోతుంది, ఒళ్లు వెనక్కి వాలి వెల్లకిలా పడతాం. నడుం, తల వెనుక భాగం దెబ్బ తింటాయి. ఏదైనా తట్టుకుంటే పాదం ఆగిపోతుంది, పై ఒళ్లు మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. అప్పుడు బోర్లా పడతాం. అరచేతులు, మణికట్టు, మోకాళ్లు, మొహం దెబ్బ తినేది ఇందులోనే. మూడోది కూడా ఉంది: ఇంకో మెట్టు ఉందనుకొని అడుగేస్తే అక్కడ లేకపోవడం.

రిపోర్టులో అన్నిటికీ కలిపి "కింద పడ్డాడు" అని రాస్తే, తట్టుకొని పడ్డ చోట నేల తుడిపించి చేతులు దులుపుకుంటారు. నేను కళ్లారా చూశాను.

చిన్న మేకు తలంత ఎత్తుకే పెద్ద మనిషి పడిపోతాడా?

పడతాడు. మామూలుగా నడిచేటప్పుడు గాల్లో ఉన్న పాదం నేలకు బాగా దగ్గరగా వచ్చే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణంలో బూటు మొనకీ నేలకీ మధ్య ఖాళీ సుమారు ఒకటి రెండు సెంటీమీటర్లే. పైగా పాదం జోరుగా ముందుకు దూసుకెళ్లేదీ అప్పుడే, ఒంటి వేగానికి దాదాపు మూడు రెట్లు. అలసిపోయినప్పుడు కాళ్లు ఈడుస్తాం కాబట్టి ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది. అందుకే అమెరికాలో వికలాంగుల సౌకర్యాల ప్రమాణాలు, నేలలో పావు అంగుళం (6 మి.మీ. పైచిలుకు) దాటిన నిట్టనిలువు తేడా ఉంటే అంచును ఏటవాలుగా చెక్కమంటాయి. అర అంగుళం దాటితే ర్యాంపే కట్టాలి.

మా దగ్గర జరిగింది చెబుతాను. ఒక వరుస ర్యాకులు తీసేసి ఆ జాగాని నడకదారి చేశారు. ర్యాకు కాళ్లని నేలకి బిగించిన యాంకర్ బోల్టుల్ని గ్రైండర్‌తో కోశారు కానీ, ఒకదాన్ని నేలకు సమంగా కోయలేదు. వేలి గోరంత ముక్క మిగిలింది, సిమెంటు రంగులోనే. పెట్టె పట్టుకొని వస్తున్న ఒక పికర్ దానికి తట్టుకొని పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. "ఖాళీ నేల మీద ఎలా పడ్డావయ్యా" అని అందరూ అడిగారు. మోకాళ్ల మీద కూర్చొని అరచేత్తో నేలంతా తడిమితే గానీ ఆ ముక్క దొరకలేదు. దొరికాక నలుగురు చెప్పారు, తమకీ అక్కడ కాలు తట్టుకుందని. అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి అదేమంత పెద్ద విషయమని వాళ్లకీ అనిపించలేదు.

గోడౌన్లలో ఎక్కువగా దేనికి తట్టుకుంటారు?

నా లెక్కలో మొదటి దోషి స్ట్రాపింగ్ పట్టీ, అంటే లోడు కదలకుండా చుట్టూ బిగించే పట్టీ. లోడు విప్పేటప్పుడు ప్లాస్టిక్ పట్టీని కోస్తే అది ఎగిరి నేల మీద గాజులా గుండ్రంగా పడుతుంది. చూడ్డానికి ఏముంది, కాగితమంత మందం. కానీ ఒక కాలు దాని అంచు మీద పడగానే అవతలి అంచు పైకి లేస్తుంది, వెనక నుంచి వస్తున్న రెండో కాలు సరిగ్గా అందులో దూరుతుంది. ఉచ్చు వేసినట్టే. మొదటి కాలు ఆ పట్టీనే తొక్కి పట్టుకొని ఉంటుంది కాబట్టి రెండో కాలు విడిపించుకోలేరు. పట్టీ కోసినవాళ్లు దాన్ని అక్కడికక్కడే రెండు మూడు ముక్కలు చేసి డబ్బాలో వేయాలి. డబ్బా ఇరవై అడుగుల దూరంలో ఉంటే ఎవరూ వెయ్యరు, కోసే చోటే ఉండాలి. లోడుకి చుట్టే ప్లాస్టిక్ ఫిల్ము తోకలూ ఇంతే.

రెండోది హ్యాండ్ ప్యాలెట్ ట్రక్కు, అంటే ప్యాలెట్‌ని (సరుకు పేర్చే పలకల దిమ్మె) చేత్తో లాగే బండి. కిందికి దించిన దాని ఫోర్కులు (ప్యాలెట్ కిందికి దూర్చే రెండు ఇనుప చేతులు) నేల నుంచి ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తుంటాయి, దారిలోకి మీటరుకు పైగా చాచుకొని ఉంటాయి. హ్యాండిల్ ఒక్కటే కళ్లకు కనిపిస్తుంది. దాన్ని తప్పించుకొని పక్క నుంచి వెళ్తే ఫోర్కులు అందుకుంటాయి. నిలిపేటప్పుడు ఫోర్కుల్ని ప్యాలెట్ కిందికి గానీ, గోడ వైపుకి గానీ తోసి పెట్టాలి.

మూడోది నేల మీద ఒంటరిగా పడేసిన ఖాళీ ప్యాలెట్. యూరో ప్యాలెట్ ఎత్తు 144 మి.మీ., అంటే మోకాలికి బాగా కింద, చూపుకి అందనంత. దాటబోయి తట్టుకునేవాళ్లు కొందరు, మీద అడుగేసి పలకల సందులో కాలు ఇరుక్కునేవాళ్లు కొందరు. ప్యాలెట్ మీద నడవడం అడ్డదారి కాదు.

మిగతావి పేర్లు చెప్తే చాలు: నేల మీదుగా లాగిన ఛార్జర్ వైర్లు, అంచు చుట్టుకుపోయిన రబ్బరు మ్యాట్లు, డాక్ ప్లేటు (లారీలు ఆగి సరుకు దించే డాక్ దగ్గర, లారీకీ నేలకీ మధ్య వేసే పలక) అంచు, ర్యాకు చివర నేలకి బిగించిన రక్షణ కమ్మీలు, అట్టముక్కలు. నేల అతుకుల గురించి ఒక్క మాట. ఫోర్క్‌లిఫ్ట్‌ల గట్టి చక్రాలు పదే పదే దాటడంతో కాంక్రీటు అతుకుల అంచులు చిట్లుతాయి. చిట్లిన కొద్దీ చక్రం ఇంకా గట్టిగా కొడుతుంది. అందుకే ఆ గుంత దానంతటది పెరుగుతూనే ఉంటుంది. "వచ్చే నెల చూద్దాం" అనే సరుకు కాదది.

రోజూ నడిచే దారే. అనుభవం ఉన్నవాళ్లు కూడా ఎందుకు పడతారు?

రోజూ నడిచే దారి కాబట్టే. తెలిసిన దారిలో కళ్లు నేలని చూడవు, స్కానర్ తెరనో ర్యాకు నంబరునో చూస్తాయి. కాళ్లు నిన్నటి జ్ఞాపకంతో నడుస్తాయి. పది నిమిషాల కిందట ఎవరో పెట్టిన ప్యాలెట్ ఆ జ్ఞాపకంలో ఉండదు.

ఇక చేతుల్లో పెట్టె ఉంటే చూద్దామన్నా కనపడదు. కళ్లు నేల నుంచి 155 సెం.మీ. ఎత్తులో, పెట్టె పై అంచు 120 సెం.మీ. ఎత్తులో, మొహానికి అర మీటరు ముందు ఉన్నాయనుకోండి. ఆ అంచు మీదుగా చూపు సాగిస్తే నేల కనిపించేది రెండు మీటర్ల అవతలే. అంటే వెయ్యబోయే రెండు మూడు అడుగులు పూర్తిగా గుడ్డివే. "చూసి నడువు" అని ఏ పోస్టరు చెప్పినా ఆ మనిషికి చూసే వీలే లేదు.

మామూలుగా కాలు తట్టుకోగానే ఒళ్లు తనంతట తనే సర్దుకుంటుంది. అడుగు మొదట్లో తట్టుకుంటే ఆ కాలినే ఎత్తి అడ్డు దాటిస్తుంది. చివర్లో తట్టుకుంటే ఆ కాలిని గబుక్కున దించి రెండో కాలితో పెద్ద అడుగు వేయిస్తుంది. చేతులు కూడా విసురుగా కదిలి తూకం నిలబెడతాయి. బరువు మోస్తుంటే ఆ చేతులు ఖాళీగా ఉండవు. కొత్తవాళ్లకి నేను మొదటి రోజే చెప్తాను, తూలితే పెట్టె వదిలెయ్యండి అని. సరుకు పగిలితే ఏమంటారోనని టెన్షన్‌తో దాన్ని పట్టుకొనే పడి మూతి పగలగొట్టుకున్నవాళ్లున్నారు. వదిలినందుకు ఏమీ అనబోమని సూపర్‌వైజర్లు నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఎవరూ వదలరు.

పక్కన పనిచేసే మనిషి పడిపోయాడు. ముందు ఏం చెయ్యాలి?

చటుక్కున చంకల కింద చేతులు వేసి లేపకండి. మనకి అదే మొదట తోస్తుంది, కానీ అదే తప్పు. ముందు ఆ దారిలో ఫోర్క్‌లిఫ్ట్ రాకుండా ఒకరు అడ్డం నిలబడాలి. తర్వాత అతనితో మాట్లాడాలి. మెడ నొప్పి అన్నా, కాళ్లూ చేతులూ తిమ్మిరి అన్నా, ఎక్కడ ఉన్నాడో తెలియనట్టు మాట్లాడినా కదపకుండా అంబులెన్సు పిలవండి. అవేవీ లేకపోతే అతనే తనంతట తను లేచేదాకా ఆగండి.

చెయ్యి వాస్తుంటే ఉంగరాలు, వాచీ వెంటనే తీయించండి. గంట తర్వాత రావు, కోయాల్సి వస్తుంది. ఐసును గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి, నేరుగా చర్మానికి ఆనించొద్దు. మేకుకో పట్టీకో గీసుకుపోతే టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అడగండి.

అరచేయి ఆనించి పడ్డాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, నొప్పి మాత్రం పోవట్లేదు.

బొటనవేలు బాగా చాచితే దాని మొదట్లో, మణికట్టు పక్కన చిన్న గుంత పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పిగా ఉంటే నిర్లక్ష్యం చెయ్యకండి. ఆ గుంత అడుగున స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. దాని చీలిక మొదటి ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. అనుమానం ఉంటే డాక్టర్లు కట్టు వేసి పది పధ్నాలుగు రోజుల తర్వాత మళ్లీ తీయిస్తారు, లేదా స్కానింగ్ చేయిస్తారు. ఆ ఎముకకి రక్తం అందే దారి సన్నం, అందుకే వదిలేస్తే అతుక్కోకుండా మిగిలిపోతుంది. చేత్తో బరువులెత్తి బతికేవాళ్లకి అది జీవితాంతం బాధ. "ఏమీ లేదన్నారుగా" అని మర్నాడే ప్యాలెట్లు లాగడం మొదలుపెట్టొద్దు.

చీలమండ బెణికిందో, విరిగిందో ఎలా తెలుస్తుంది?

కచ్చితంగా చెప్పేది డాక్టరే. కానీ ఎక్స్‌రే అవసరమా అని తేల్చుకోవడానికి ఆసుపత్రుల్లో వాడే ఒక పద్ధతి ఉంది. కెనడాలోని ఒట్టావాలో 1992లో తయారైంది కాబట్టి ఒట్టావా నియమాలంటారు. చీలమండ దగ్గర నొప్పి ఉండి, పడగానే, ఆసుపత్రికి వచ్చాక, రెండుసార్లూ ఆ కాలి మీద నాలుగు అడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీస్తారు. లేదా లోపలి, బయటి గుబ్బ ఎముకల వెనుక అంచు మీద నొక్కితే నొప్పి పుట్టినా తీస్తారు. కుంటుకుంటూ అయినా నాలుగడుగులు వేస్తే వేసినట్టే లెక్క.

తల తగిలింది, అయినా బాగానే ఉన్నానంటున్నాడు. షిఫ్ట్ చేయనివ్వచ్చా?

వద్దు. ఫోర్క్‌లిఫ్ట్ అసలే ఎక్కనివ్వొద్దు. ఒంటరిగా పంపొద్దు కూడా. మళ్లీ మళ్లీ వాంతి, పెరుగుతున్న తలనొప్పి, మగత, తికమక మాటలు, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆసుపత్రి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే లక్షణాల కోసం ఎదురుచూడకుండానే తీసుకెళ్లాలి.

చిన్న దెబ్బే. రాయించాలా?

రాయించండి, అదే షిఫ్టులో. నడుం నొప్పి, మోకాలి వాపు మర్నాడు బయటపడటం మామూలే. అప్పుడు వెళ్లి "నిన్న పడ్డాను" అంటే "నిన్న చెప్పలేదేం?" అన్న ప్రశ్న ముందు వస్తుంది, నొప్పి సంగతి తర్వాత. డాక్టరుకి కూడా పనిలో ఉండగా పడ్డానని చెప్పి చీటీలో ఆ మాట రాయించుకోండి. ఇంటి దగ్గర పడ్డానని చెప్పమని ఎవరైనా సలహా ఇస్తే అది మీ మేలు కోరి కాదు.

రిపోర్టులో ఏం రాయాలి?

ఎంత వీలైతే అంత చిన్న వివరం. నా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో సగం ఇలా ఉంటాయి: "నడుస్తూ అజాగ్రత్త వల్ల పడిపోయాడు. జాగ్రత్తగా ఉండమని చెప్పడమైనది." దీన్ని చదివి ఏం బాగు చేస్తాం? ఇలా రాస్తే పని జరుగుతుంది: "మూడో డాక్ ఎదుట, పసుపు గీతకి లోపల, కోసిన పట్టీ చుట్టలో ఎడమ కాలు ఇరుక్కుంది. చేతిలో రెండు పెట్టెలు. పైన లైటు వెలగడం లేదు. దగ్గర్లో చెత్త డబ్బా లేదు." అజాగ్రత్త అన్నది వివరం కాదు, తీర్పు. తీర్పులు రిపోర్టులో వద్దు.

ఫొటో తీసేటప్పుడు దగ్గర నుంచి ఒకటి, ఆ చోటు ఎక్కడో తెలిసేలా దూరం నుంచి ఒకటి తీయండి. ఎత్తు తెలియడానికి పక్కన స్కేలో పెన్నో పెట్టండి. ఊడ్చేయకముందే తీయాలి. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టేలోగా ఎవరో ఒకరు మంచి మనసుతోనే అక్కడంతా శుభ్రం చేసేస్తారు. చూసినవాళ్ల పేర్లు రాసుకోండి. సీసీ కెమెరా ఉంటే ఆ రోజు ఫుటేజీ దాచమని రాతపూర్వకంగా అడగండి. చాలా సిస్టమ్‌లు కొన్నాళ్లకి పాతదాని మీద కొత్తది ఎక్కించేస్తాయి.

తప్పు నాదే అంటున్నారు. పరిహారం రాదా?

ఆ మాట విని వెనక్కి తగ్గకండి. జర్మనీ 1884లో పని ప్రమాదాల బీమా చట్టం తెచ్చినప్పుడే, తప్పు ఎవరిదన్న గొడవ లేకుండా పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే పద్ధతి మొదలైంది. తర్వాత చాలా దేశాలు అదే బాట పట్టాయి. కొన్నిచోట్ల యజమాని నిర్లక్ష్యాన్ని చూపి విడిగా దావా వేసే వీలూ ఉంటుంది. గడువులు, ఫారాలు దేశాన్ని బట్టి మారతాయి. గడువు దాటడం వల్ల పోయే కేసులు బాధాకరం, కాబట్టి మీ చోటి కార్మిక శాఖనో, యూనియన్‌నో, వకీలునో తొందరగా అడగండి. అడగకముందు "నా పొరపాటు వల్ల పడ్డాను" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు.

నేను కాంట్రాక్టరు మనిషిని. గోడౌన్ వాళ్లు మాకు సంబంధం లేదంటున్నారు.

మీరు తట్టుకున్న నేల ఎవరిది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందం ప్రకారం, ఒకే చోట రెండు మూడు సంస్థలు పని చేయిస్తుంటే భద్రత విషయంలో అవన్నీ కలిసి నడవాలి. ఇద్దరికీ రాతపూర్వకంగా తెలియజేయండి, అందినట్టు సంతకం తీసుకోండి. మీ చోటి చట్టంలో ఎవరి వాటా ఎంతో తర్వాత తేలుతుంది.

మంచి సేఫ్టీ షూస్ వేసుకుంటే సరిపోదా?

జారడానికి అవి పనికొస్తాయి, తట్టుకోవడానికి అంతగా కాదు. బూటు మొనలో ఉండే ఉక్కు తొడుగు వేళ్లని నలగకుండా కాపాడుతుంది కానీ మొనని లావు చేస్తుంది. సైజు పెద్దదైతే ఆ మొనే ముందు తట్టుకుంటుంది. ఊడిన అడుగు, వదులు లేసు ఉంటే వెంటనే మార్పించుకోండి. పైన చెప్పిన ఒప్పందమే, భద్రత ఏర్పాట్ల ఖర్చు కార్మికుడి మీద పడకూడదని కూడా అంటుంది.

వెలుతురు ఎంత ఉండాలి?

యూరప్ ప్రమాణం ఈఎన్ 12464-1 నిల్వ గదులకి 100 లక్స్ (వెలుతురు కొలత), మనుషులు ఎప్పుడూ ఉండే చోటైతే 200, ప్యాకింగ్‌కి 300 అంటుంది. అంకె కంటే నన్ను భయపెట్టేది డాక్ తలుపు. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి లోపలికి అడుగు పెట్టినవాడికి కొన్ని నిమిషాలు కళ్లు కుదురుకోవు. సరిగ్గా ఆ నాలుగడుగుల్లోనే డాక్ ప్లేటు, పట్టీలు, ఫోర్కులు అన్నీ ఉంటాయి. ఉన్న లైట్లలో మంచివి అక్కడ పెట్టించండి.

తూలాను గానీ పడలేదు. అది కూడా చెప్పాలా?

చెప్పాలి, మా బోల్టు ముక్క దగ్గర నలుగురు చెప్పనిది అదే. అయితే దానికి నాలుగు పేజీల ఫారం పెడితే ఎవరూ రారు. మేం గోడకి ఒక గోడౌన్ మ్యాపు తగిలించి, పక్కన ఎర్ర స్టిక్కర్లు పెట్టాం. కాలు తట్టుకున్న చోట ఒక స్టిక్కరు అతికించి వెళ్లిపోవచ్చు, పేరు అక్కర్లేదు. ఒకే చోట మూడు చేరితే నేను వెళ్లి చూస్తాను. పేరు అడిగిన వారం స్టిక్కర్లు ఆగిపోయాయి, అందుకే అడగడం మానేశాను.

నేను సూపర్‌వైజర్‌ని. నడకదారి ఖాళీగా ఉంచమని రోజూ అరుస్తున్నా, గంటలో మళ్లీ నిండిపోతోంది.

అరవడం ఆపి, అక్కడ పెట్టినవాడిని పిలిచి "ఇది ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ పెట్టేవాడివి?" అని అడగండి. చాలాసార్లు అతని దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే ఖాళీ ప్యాలెట్లకి మీరు చోటే ఇవ్వలేదు. లారీలు ఒకేసారి మూడు వచ్చాయి, దించాలి, జాగా లేదు, నడకదారి ఉంది. చోటు గీసి ఇవ్వండి, లారీల వేళలు విడదీయండి, గంటకి ఇన్ని పెట్టెలు అన్న లెక్కలో పట్టీలు ఏరే సమయం కలపండి. ఆ సమయం కలపకుండా ఏరమనడం ఉత్త మాట.

నేల చూడటానికి ఒక చిట్కా. షిఫ్ట్ మారడానికి పది నిమిషాల ముందు టార్చిని మడమ ఎత్తులో పట్టుకొని నేలకి సమాంతరంగా వెలుగు వేస్తూ నడవండి. పై నుంచి చూస్తే సమంగా కనిపించే నేల మీద ప్రతి మిట్టకీ వెనక పొడుగాటి నీడ పడుతుంది. లేచిన మ్యాటు అంచు, చిట్లిన అతుకు, మిగిలిన బోల్టు ముక్క అన్నీ అలాగే దొరుకుతాయి. సుద్దముక్క జేబులో పెట్టుకెళ్లండి.